మొదటి సూది ఎప్పుడు పడింది: సైక్లిస్టు డేవిడ్ మిల్లర్ కేసు

రాత్రి ఎనిమిదిన్నరకి క్లినిక్ కట్టేద్దామని లేస్తుంటే ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. అబ్బాయికి ఇరవై రెండేళ్లుంటాయి. ఎండకి కమిలిన మొహం, బక్కపలచని ఒళ్లు. రన్నింగ్ షూస్ కుడి బొటనవేలి దగ్గర చిరిగి లోపలి సాక్సు బయటికి కనిపిస్తోంది. తెల్లారితే కానిస్టేబుల్ ఈవెంట్స్. నెల రోజులుగా గ్రౌండ్‌లో రెండో రౌండుకే ఆయాసం వస్తోందట, కాళ్లు బరువెక్కిపోతున్నాయట.

"ఒక్క సెలైన్ పెట్టుండ్రి సారూ. అండ్ల ఒక బలం సూది గూడ ఏయుండ్రి. పొద్దుగాల పిల్లగాడు మంచిగ ఉరుకుతడు," అన్నాడు తండ్రి.

ఆయన మాటల్లో మోసం ఆలోచన ఏమీ లేదు. వాళ్ల ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికీ బాటిలే, నీరసానికీ బాటిలే. సూది పడితేనే వైద్యం జరిగినట్టు లెక్క. మా ఇంట్లోనూ ఇదే తంతు. "మాత్రలిచ్చి పంపేశాడు" అని మా అమ్మ అన్నదంటే ఆ డాక్టరుకి పని రాదని అర్థం.

నేను బాటిల్ పెట్టలేదు. రక్తపరీక్షకి శాంపిల్ తీసుకుని, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చేతిలో పెట్టి, అన్నం తిని త్వరగా పడుకోమని పంపాను. తండ్రి నన్ను నమ్మలేదని ఆయన మొహంలోనే తెలుస్తోంది. ఆ రాత్రి ఆయనకి చెప్పే తీరిక లేకపోయిన కథ ఒకటుంది. అదే ఇక్కడ రాస్తున్నాను. అబ్బాయిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

కేసు

డేవిడ్ మిల్లర్ నా పేషెంట్ కాదు. ఆయన ఫ్రాన్స్‌లో జడ్జి ముందు ఒప్పుకున్నవి, తర్వాత ఆత్మకథలోనూ ఇంటర్వ్యూల్లోనూ దాచకుండా చెప్పినవి, తీర్పులు, రేసు ఫలితాలు, ఇవే నా కేస్ షీటు. జూనియర్ డాక్టర్లకి డోపింగ్ గురించి చెప్పాల్సి వస్తే, డోపింగ్‌కి పేరుమోసిన అమెరికన్ సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పక్కనపెట్టి మిల్లర్‌ని తీసుకుంటాను. ఆర్మ్‌స్ట్రాంగ్ కథలో తేలిగ్గా ఒక విలన్ దొరుకుతాడు. వినేవాడు "నేను అలాంటివాణ్ణి కాదులే" అనుకుని నిశ్చింతగా ఇంటికి పోతాడు. మిల్లర్ కథ విన్నవాడికి ఆ వీలు లేదు.

1977లో మాల్టాలో పుట్టాడు, స్కాట్లాండ్ కుటుంబం. అమ్మానాన్నలు విడిపోయాక టీనేజీలో తండ్రి దగ్గర హాంకాంగ్‌లో పెరిగాడు. సైకిల్ పిచ్చి అక్కడే పట్టుకుంది. ఆర్ట్ కాలేజీలో సీటొస్తే పక్కనపెట్టి, అమెచ్యూర్‌గా రేసులు ఆడటానికి ఫ్రాన్స్ వెళ్లాడు. 1997లో, ఇరవై ఏళ్లకి, కోఫిడిస్ అనే ఫ్రెంచ్ ప్రొఫెషనల్ టీమ్‌లో చేరాడు. ఇంట్లో డబ్బుకి కరువు లేదు, చదువుకున్న కుటుంబం, తెలివైన కుర్రాడు. డోపింగ్ చేయనని గట్టిగా చెప్పేవాడు, ఆ మాట మీద నిజంగానే నిలబడ్డాడు కూడా, కొన్నేళ్లు.

2000 జులై 1న, మూడు వారాల పెద్ద సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్ మొదటిరోజు ఫ్యూచురోస్కోప్‌లో 16.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. టైమ్ ట్రయల్ అంటే రైడర్లు ఒకరి వెనుక ఒకరు విడివిడిగా బయల్దేరి గడియారంతో పోటీ పడటం. గాలిని అడ్డుకోవడానికి ముందు ఎవరూ ఉండరు. ఇరవై మూడేళ్ల మిల్లర్ ఆ రోజు ఆర్మ్‌స్ట్రాంగ్‌ని రెండు సెకన్ల తేడాతో ఓడించి, మూడు రోజులు పసుపు జెర్సీ, అంటే రేసులో అందరికంటే ముందున్నవాడి జెర్సీ, వేసుకున్నాడు. అప్పటికి తాను శుభ్రంగానే ఉన్నానని తర్వాత చెప్పాడు. నేను నమ్ముతాను. మీరు నమ్మకపోయినా ఇక్కడ నేను చెప్పదలచుకున్నది మారదు.

రికవరీ సూదులు

ఆ రోజుల్లో యూరప్ టీముల్లో ఒక రివాజు ఉండేది. రోజుకి అయిదారు గంటలు సైకిల్ తొక్కి వచ్చిన రైడర్ సాయంత్రం హోటల్ గదిలో మంచం మీద వాలితే, టీమ్ మనిషి వచ్చి సూది వేస్తాడు. బి-కాంప్లెక్సు, విటమిన్ సి, ఐరన్, అలాంటివి. ఫ్రెంచ్‌లో ముద్దుగా 'రెక్యూప్' అనేవాళ్లు, రికవరీకి పొట్టి పేరు. నిషేధిత జాబితాలో వాటి పేర్లు లేవు. మూడు వారాల రేసులో తిండి ఒక్కటీ చాలదు, నోటి ద్వారా తీసుకున్నది ఒంటికి పట్టదు, వేయించుకోకపోతే నీ ఆరోగ్యమే దెబ్బతింటుంది అని చెప్పేవాళ్లు. మిల్లర్ మొదట్లో ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఒప్పుకున్నాడు.

నా దృష్టిలో కేసు ఇక్కడ మొదలైంది.

బాగా తింటున్న ఆటగాడికి బి-కాంప్లెక్సు సూది వేస్తే ఏమవుతుంది? మూత్రం పచ్చగా వస్తుంది. అంతకుమించి చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. మార్పు వచ్చేది బుర్రలో. నిన్నటిదాకా సూది అంటే రోగం వచ్చినప్పుడు పడేది. ఈరోజు నుంచి అది డ్యూటీలో భాగం, పళ్లు తోముకోవడం లాంటిది. నా ఒళ్లు తనంతట తాను కోలుకోదు, బయటి నుంచి ఏదో ఎక్కించాలి అన్న నమ్మకం కుదురుకుంటుంది. సిరంజిలో ఏముందో చూసే అలవాటు పోతుంది, సిరంజి పట్టుకున్న మనిషి మీద గురి పెరుగుతుంది. ఇక రేపు అదే మంచం మీద, అదే మనిషి, అదే సిరంజిలో వేరే మందు పోస్తే దాటాల్సిన గోడంటూ ఏదీ మిగలదు. ఎప్పుడో కూలిపోయింది.

డోపింగ్ మీద మన పేపర్లలో వచ్చే వ్యాసాలు ఎప్పుడూ మందు పేరు దగ్గరే ఆగిపోతాయి. స్టెరాయిడా, ఎర్ర రక్తకణాలు పెంచే ఈపీఓనా, ఎంత డోసు, ఎన్నాళ్లు నిషేధం. మందు ఏదన్నది చాలాసార్లు ఆఖరి సంగతి. ఎవరైనా ఆటగాడు నా దగ్గరికి వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, "జబ్బు లేకుండా నువ్వు మొదటిసారి సూది ఎప్పుడు వేయించుకున్నావు?" జవాబు చెప్పేముందు ఎంతసేపు ఆలోచిస్తాడో దాన్నిబట్టే సగం కేసు అర్థమవుతుంది.

2001 టూర్. మొదటిరోజే డన్‌కర్క్‌లో మిల్లర్ కిందపడ్డాడు. దెబ్బలతోనే పది రోజులు ఈడ్చుకొచ్చి, ఆల్ప్స్ కొండల్లో రేసు వదిలేశాడు. అంతకుముందు ఏడాది పసుపు జెర్సీ వేసుకున్నవాడికి ఇది మామూలు అవమానం కాదు. టీమ్‌కి ఫలితాలు కావాలి. ఆ వేసవిలోనే ఒక సహచరుడితో కలిసి ఇటలీలోని టస్కనీకి వెళ్లి అక్కడ ఈపీఓ మొదలుపెట్టాడు. సెప్టెంబరులో స్పెయిన్ టూర్ మొదటిరోజు, సలమాంకాలో గెలిచాడు. అక్టోబరులో లిస్బన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జర్మన్ రైడర్ యాన్ ఉల్రిచ్ కంటే ఆరు సెకన్లు వెనకబడి రజతం తెచ్చుకున్నాడు.

కిడ్నీ హార్మోను

ఈపీఓ అనగానే ఏదో రహస్య రసాయనం అనుకుంటారు. మన కిడ్నీలు రోజూ తయారుచేసే హార్మోనే అది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే కిడ్నీ దాన్ని విడుదల చేస్తుంది, ఎముకల్లోని మూలుగ దాన్ని అందుకుని ఎర్ర రక్తకణాలు ఎక్కువగా తయారుచేస్తుంది. కిడ్నీలు పాడైనవాళ్లలో ఈ హార్మోను రాదు, రక్తహీనత వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి ఈ సూది గురించి మనం చెప్పక్కర్లేదు, వాళ్లకది ఊపిరి. అదే మందు ఆరోగ్యవంతుడికి ఇస్తే ఎర్ర కణాలు అవసరానికి మించి పెరుగుతాయి. కండరాలకి ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, నిజమే. రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదమూ వస్తుంది. రాత్రి నిద్రలో గుండె నెమ్మదించే మనిషికి చిక్కటి రక్తం మంచిది కాదని చెప్పడానికి పెద్ద డాక్టరు అక్కర్లేదు.

ఈపీఓని నేరుగా పట్టే పరీక్ష లేని రోజుల్లో, 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఒక గీత గీసింది. రక్తంలో ఎర్ర కణాల వంతు, అంటే హెమటోక్రిట్, 50 శాతం దాటితే ఆ రైడర్ పదిహేను రోజులు పక్కన కూర్చోవాలి. ఉద్దేశం మంచిదే. జరిగింది మాత్రం వేరు. 43 ఉన్నవాడు 49 దాకా ఎక్కించుకున్నా గీతకి ఇవతలే కదా! పరిమితి కాస్తా టార్గెట్ అయి కూర్చుంది. మూత్రంలో ఈపీఓని పట్టే పరీక్ష 2000 సిడ్నీ ఒలింపిక్స్‌తో వాడుకలోకి వచ్చింది. అప్పటికి చిన్న డోసులు ఎప్పుడు తీసుకుంటే దొరకరో లెక్కలు నేర్చినవాళ్లు తయారయ్యారు.

డేవిడ్ మిల్లర్ ఒక్క డోప్ టెస్టులో కూడా పాజిటివ్ రాలేదు. మా జూనియర్లు ఇక్కడే తల ఎత్తి చూస్తారు.

0.08 సెకను

2002లో మిల్లర్ ఈపీఓ ముట్టుకోలేదని చెప్పాడు. ఆ ఏడాది టూర్‌లో బెజియేలో ఒక స్టేజీ గెలిచాడు కూడా. కానీ మనిషి స్థిమితంగా లేడనడానికి నాకు ఆ సెప్టెంబరులో స్పెయిన్‌లో జరిగింది చాలు. అంగ్లీరూ అని ఒక భయంకరమైన కొండ. వాన. కొండ చేరేలోపు మూడుసార్లు పడ్డాడు. ఎలాగో పైకి ఎక్కి, ఫినిషింగ్ గీతకి ఒక్క మీటరు ముందు సైకిల్ ఆపి, తన నంబరు పీకి ఇచ్చేసి రేసు నుంచి తప్పుకున్నాడు. మొత్తం కొండ ఎక్కినవాడు ఒక్క మీటరు దాటలేదు! నిర్వాహకుల మీద నిరసన అన్నాడు. కావచ్చు. ఆ రోజు పక్కన ఉన్న డాక్టరు నేనైతే మోకాలికి కట్టు కట్టడంతో ఆగేవాణ్ణి కాదు, ఈ కుర్రాడికి నిద్ర పడుతోందా అని అడిగేవాణ్ణి.

2003 టూర్ పారిస్‌లో మొదలైంది. మొదటిరోజు చిన్న టైమ్ ట్రయల్. గెలుస్తున్నాడనగా మిల్లర్ సైకిల్ చైను ఊడింది. బ్రాడ్లీ మెక్‌గీ చేతిలో ఓడిపోయింది 0.08 సెకనుతో. కంటిరెప్ప కొట్టేపాటి టైము కూడా కాదు. మెకానిక్ పొరపాటుకి మందు సిరంజిలో ఉండదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఆ వేసవిలోనే మళ్లీ ఈపీఓ పట్టాడు. అక్టోబరులో కెనడాలోని హామిల్టన్‌లో టైమ్ ట్రయల్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రెండో స్థానంలో ఆస్ట్రేలియాకి చెందిన మైఖేల్ రోజర్స్, నిమిషానికి పైగా వెనక.

ఆ తర్వాత మిల్లర్ చేసిన పనే ఈ కేసులో నన్ను అన్నిటికంటే పట్టుకుంది. వాడేసిన రెండు ఎప్రెక్స్ సిరంజీలని పారేయలేదు. ఎప్రెక్స్ అంటే ఈపీఓ బ్రాండుల్లో ఒకటి. ఖాళీ సిరంజీలని ఇంట్లోనే ఉంచుకున్నాడు, తాను చేసినపని తనకి గుర్తుండటానికి. దొరక్కుండా ఉండాలనుకునేవాడు చేసే పని కాదిది. గెలిచినవాడు మెడల్ దాచుకుంటాడు. ఈయన గెలుపుకి అసలు రసీదు దాచుకున్నాడు. మనసులో ఒక మూల దొరికిపోవాలని ఉందేమో అని నాకు అనిపిస్తుంది. నిరూపించలేను, కేస్ షీటులో బ్రాకెట్లో పెన్సిల్‌తో రాసుకునే మాట అది.

నలభై ఏడు గంటలు

2004 జనవరి నుంచే ఫ్రెంచ్ పోలీసులు కోఫిడిస్ మీద దర్యాప్తు చేస్తున్నారు. మాజీ రైడర్ ఫిలిప్ గోమో పోలీసుల ముందు అన్నీ కక్కేశాడు, మిల్లర్ పేరూ చెప్పాడు. మిల్లర్ కాదన్నాడు. జూన్‌లో ఒక సాయంత్రం బియారిట్స్ పక్కన బిదార్ అనే ఊళ్లో రెస్టారెంట్లో భోంచేస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నది బ్రిటిష్ సైక్లింగ్‌లో పనిచేసే డేవ్ బ్రెయిల్స్‌ఫోర్డ్. మామూలు బట్టల్లో ఉన్న పోలీసులు వచ్చి మిల్లర్‌ని తీసుకెళ్లారు. ఇల్లు సోదా చేస్తే ఆ రెండు సిరంజీలు దొరికాయి.

47 గంటలు కస్టడీలో ఉంచారు. ఆ గంటలు పూర్తయ్యేలోపు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత జడ్జి ముందు 2001, 2003లో వాడినట్టు చెప్పాడు. బ్రిటిష్ సైక్లింగ్ రెండేళ్లు నిషేధం వేసింది. ప్రపంచ టైటిల్ పోయింది, రోజర్స్‌కి వెళ్లింది. రోజర్స్‌కి కాగితం మీద టైటిల్ వచ్చింది గానీ హామిల్టన్ పోడియం మీద తన జాతీయగీతం వినే ఆ ఒక్క నిమిషాన్ని ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. పశ్చాత్తాపం కథల్లో ఈ రెండో మనిషి ఎప్పుడూ మాయమైపోతాడు, అందుకని పేరు పెట్టి రాస్తున్నాను. బ్రిటిష్ ఒలింపిక్ సంఘం తన సొంత నియమం ప్రకారం మిల్లర్‌ని జీవితాంతం ఒలింపిక్స్‌కి దూరం పెట్టింది. కోఫిడిస్ కేసులో ఫ్రెంచ్ కోర్టు మాత్రం ఆయన్ని వదిలేసింది, నేరం ఫ్రాన్స్ గడ్డ మీద జరిగిందని రుజువు కాలేదు కాబట్టి.

నిషేధం మొదటి ఏడాది బాగా తాగాడు. ఇల్లు పోయింది, పన్ను బకాయిలు మెడకి చుట్టుకున్నాయి. ఈ భాగాన్ని ఆయనే వివరంగా చెప్పుకున్నాడు, నేను తిరగేయను. వైద్యుడిగా నేను గమనించేవి రెండే. ఒకటి, చెల్లెలు ఫ్రాన్, బ్రెయిల్స్‌ఫోర్డ్ లాంటి కొద్దిమంది ఫోన్ ఎత్తడం మానలేదు. రెండు, ముందు ఒక తేదీ ఉంది. 2006 జూన్ చివర్లో నిషేధం ముగుస్తుంది, జులై 1న టూర్ మొదలవుతుంది. తాగుడు మానాలన్నా, పొద్దున్నే లేవాలన్నా మనిషికి ఒక తేదీ కావాలి. జీవితకాల నిషేధం ఆ తేదీని తీసేస్తుంది. మొదటి తప్పుకి, అదీ ఒప్పుకున్నవాడికి, దాన్ని నేను ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం. మళ్లీ ఎందుకు రానివ్వాలి అని రోజర్స్ అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు.

సూది లేని రైడర్

2006లో సోనియే దువాల్ టీమ్‌తో తిరిగొచ్చాడు. సెప్టెంబరులో స్పెయిన్ టూర్‌లో, కువెంకాలో టైమ్ ట్రయల్ గెలిచాడు.

2007 టూర్ విశ్రాంతి రోజు, పో నగరంలో విలేకరులతో మాట్లాడుతుండగా కజకిస్తాన్ రైడర్ అలెగ్జాండర్ వినోకురోవ్ వేరొకరి రక్తం ఎక్కించుకుని దొరికాడన్న వార్త వచ్చింది. మిల్లర్ అందరి ముందే ఏడ్చేశాడు. కొందరు నటన అన్నారు. నా పేషెంట్లలో మందు మానేసినవాళ్లని చూశాను కాబట్టి నాకలా అనిపించలేదు. మానేసినవాడు పక్కవాడు తాగడం చూసి పడే కోపంలో తన మీద తనకున్న కోపమే ఎక్కువ.

తర్వాతి ఏడాది జొనాథన్ వాటర్స్ నడిపే అమెరికన్ టీమ్ స్లిప్‌స్ట్రీమ్‌లో చేరాడు, అందులో వాటా కూడా తీసుకున్నాడు. వాటర్స్ కూడా ఒకప్పటి రైడరే. తానూ డోపింగ్ చేశానని 2012లో బయటపెట్టాడు. ఆ టీమ్ తన రైడర్లకి తానే రక్తపరీక్షలు చేయించేది, రికవరీ సూదులని దగ్గరికి రానిచ్చేది కాదు. 2008 నుంచి వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) ఆటగాళ్ల కమిటీలో కూర్చుని మిల్లర్ పదేపదే చెప్పిన మాటల్లో ఒకటి ఇదే: విటమిన్ అయినా సరే, సూది వద్దు. 2011లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నియమం తెచ్చింది. జబ్బు లేకుండా రికవరీ కోసం ఏ సూదీ వేయకూడదు, లోపల విటమిన్ ఉన్నా, గ్లూకోజ్ ఉన్నా. మిల్లర్ ఎక్కడ జారాడో ఆ మెట్టునే తీసేశారన్నమాట. ఈ కేసులో ప్రాయశ్చిత్తం ఏదైనా ఉందంటే మెడల్స్ కంటే నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

మెడల్స్ కూడా వచ్చాయి. వాటిలో ఒకటి మన దేశంలోనే. 2010 అక్టోబరు, ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్. ఆ గేమ్స్ అంటే మనకి కుంభకోణమే గుర్తుంటుంది. నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే మీద 40 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో స్కాట్లాండ్ జెర్సీలో మిల్లర్ స్వర్ణం గెలిచాడు. అవే గేమ్స్‌లో మన అమ్మాయిలు 4×400 మీటర్ల రిలేలో స్వర్ణం గెలిస్తే దేశమంతా ఊగిపోయాం. ఏడాది తిరక్కుండానే ఆ నలుగురిలో ముగ్గురు స్టెరాయిడ్ పరీక్షలో పాజిటివ్ వచ్చారు. విదేశీ కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్ సప్లిమెంట్‌లో కలిసి ఉంటుందని వాదించారు. కోచ్‌ని తీసేశారు. ముందు ఏడాది నిషేధం పడితే, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లకి పెంచింది. ఎవరో చేతిలో పెట్టింది, అందరూ తీసుకునేది, పేరు చదవకుండా మింగేది. టస్కనీ దాకా పోనక్కర్లేదు, మొదటి మెట్టు పటియాలా క్యాంపులో కూడా అలాగే ఉంటుంది.

2012 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానమే బ్రిటిష్ ఒలింపిక్ సంఘం జీవితకాల నియమం చెల్లదంది. జులై 13న టూర్‌లో 226 కిలోమీటర్ల స్టేజీని, ముందు వెళ్లిన చిన్న గుంపులోంచి మిల్లర్ గెలిచాడు. 1967లో సరిగ్గా అదే తేదీన బ్రిటిష్ రైడర్ టామ్ సింప్సన్ ఆంఫెటమిన్లు వేసుకుని మౌంట్ వెంటూ కొండ మీద కుప్పకూలి చనిపోయాడు. గెలిచాక మిల్లర్ తాను మాజీ డోపర్‌నన్న మాట తానే ఎత్తాడు. రెండు వారాల తర్వాత లండన్ ఒలింపిక్స్ రోడ్ రేసులో మార్క్ కావెండిష్‌ని గెలిపించాల్సిన బ్రిటన్ టీమ్‌కి రోడ్డు మీద కెప్టెన్. గెలిపించలేకపోయారు. స్వర్ణం ఎవరికి వెళ్లిందనుకున్నారు? వినోకురోవ్‌కి.

గోమో

ఈ కేసు చెప్పిన ప్రతిసారీ నన్ను ఇబ్బంది పెట్టే మనిషి ఒకడున్నాడు. అందరికంటే ముందు నోరు విప్పిన ఫిలిప్ గోమో. మిల్లర్ ఇంకా కాదంటున్న రోజుల్లోనే ఆయన టీమ్‌లో జరిగేదంతా చెప్పాడు. ఆయనకి ఇంగ్లిష్ పత్రికల్లో స్నేహితులు లేరు, జాతీయ సమాఖ్యలో బ్రెయిల్స్‌ఫోర్డ్ లేడు, తీసుకునే టీమ్ లేదు. సైక్లింగ్‌లోకి తిరిగి రాలేదు. 2013లో గుండెపోటు వచ్చి, కోమాలోకి వెళ్లి, నలభై ఏళ్లకే పోయాడు.

మిల్లర్ కష్టపడ్డాడు, కాదనను. కానీ చదువు, భాష, మాట నేర్పు, వెనక నిలబడ్డ మనుషులు ఉన్నవాడికి పశ్చాత్తాపం కూడా బాగా అచ్చొస్తుంది. మన దగ్గర పల్లె నుంచి వచ్చి, హాస్టల్లో కోచ్ ఇచ్చిన మాత్ర మింగి దొరికిన అమ్మాయికి ఏముంటుంది? నాలుగేళ్లు నిషేధం, ఊళ్లో మాటలు, ఆ తర్వాత పెళ్లి. 2023 వాడా లెక్కల్లో అయిదు వేలకి పైగా శాంపిళ్లు పరీక్షించిన దేశాల్లో పాజిటివ్ శాతం ఎక్కువ మనదే, 3.8. వాళ్లలో ఎంతమందికి ఫోన్ ఎత్తేవాళ్లు ఉన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంకో మాట, మా వృత్తి గురించి. కోఫిడిస్ కాలపు కథల్లో ఆటగాళ్ల పేర్లు గుర్తుంటాయి. సాయంత్రం పూట ఆ హోటల్ గదుల్లో సిరంజి పట్టుకున్న చేతులు చాలావరకు డాక్టర్లవి, వాళ్లు నేర్పినవాళ్లవి. "విటమినే కదా, ఏం కాదు" అన్నది మేమే. ఇప్పటి వాడా నియమం ప్రకారం ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి ఏదీ నరానికి ఎక్కించకూడదు. అర లీటరు సెలైన్ బాటిల్ అందులో అయిదింతలు. అందులో కలిపింది ఉత్త ఉప్పునీరే అయినా ఆటగాడు నిషేధానికి గురవుతాడు. ఇది తెలియని డాక్టర్లు మా ఊళ్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ఆ రాత్రి వచ్చిన అబ్బాయి విషయంలో ఈ నియమాలేవీ వర్తించవు. పోలీసు ఈవెంట్స్ వేరు, టూర్ ద ఫ్రాన్స్ వేరు. నేను ఒక బాటిల్ పెడితే అడిగేవాళ్లు లేరు.

మర్నాడు మధ్యాహ్నం తండ్రి ఫోన్ చేశాడు. 1600 మీటర్లకి 7 నిమిషాల 15 సెకన్లు టైము. అబ్బాయి తొమ్మిది సెకన్లు ఆలస్యం. "గా ఒక్క సెలైన్ పెట్టుంటె అయిపోతుండె గద సారూ," అన్నాడు. కోపం లేదు గొంతులో, అదే కష్టంగా ఉంది. నేనేమీ అనలేదు.

సాయంత్రం ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 10.4, అంటే రక్తహీనత. నెల రోజులుగా రెండో రౌండుకే ఆయాసం వస్తోందంటే నెల కిందటే ఎవరో ఒకరు ఆ పరీక్ష రాయాల్సింది. పది రోజులు నచ్చజెప్పాక వచ్చాడు. కడుపులో నులిపురుగులు పోయే మాత్ర, ఐరన్ మాత్రలు రాశాను. "సూది లేదా సార్?" అని అబ్బాయి అడిగాడు, తండ్రి లాగే. లేదన్నాను. మాత్రలతో కడుపులో తిప్పుతోందని రెండుసార్లు మానేసి, మళ్లీ మొదలుపెట్టాడు. మూడు నెలలకి 13.2కి వచ్చింది. పోయిన ఆదివారం మా గ్రౌండ్‌లో 1600 మీటర్లు 6 నిమిషాల 58 సెకన్లలో కొట్టాడు. కొత్త నోటిఫికేషన్ మాత్రం ఇంకా పడలేదు.